పల్నాటి వీరగాథ – పునరావృత్తి క్రమము

పాతరచన నిర్ణీత కాలమున, ఎవరును ప్రత్యేకముగా కోరకయే, మరల జనులయెదుట నిలుచుట మనకు క్రొత్త కాదు. నేడు సామాజిక మాధ్యమములందు యంత్రమే పాత వ్యాసములను వంతులవారీగా తిరిగి వెలువరించుచున్నది. పల్నాటిసీమలో ఈ పనిని పంచాంగము చేయుచున్నది. పూర్వము గుంటూరు మండలమునను, 2022 నుండి పల్నాడు జిల్లాలోను చేరియున్న కారెంపూడియందు ఏటా కార్తిక అమావాస్య మొదలు ఐదు దినములు వీరుల ఉత్సవము జరుగును. 12వ శతాబ్దమున నలగామరాజు, మలిదేవరాజుల పక్షములకు నాగులేటి తీరమున జరిగిన యుద్ధమును వీరవిద్యావంతులు గానము చేయుదురు.

ఇట మనము గమనింపవలసిన విశేషమొకటి కలదు. ఉత్సవ దినముల వరుస రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. కథాక్రమము ఇది కాదు. కథలో ముందుగా కోడిపోరు, దానిలో ఓడినవారికి వనవాసము, ఆ వనవాసకాలమున మందపోరు, గడువు తీరిన పిమ్మట అలరాజు రాయబారము, తుదకు యుద్ధము. అనగా ఉత్సవమున నడిమి మూడు ఘట్టములును తలక్రిందులైనవి.

కథ తెలిసినవానికి దీనివలన చిక్కు లేదు. ఏ ఘట్టమును విన్నను తక్కినది అతని మనస్సున ఉండును. ఒక్కనాటికే వచ్చిన క్రొత్తవాని సంగతి వేరు. కోడిపోరు మాత్రమే చూచినవానికి ఇది పందెపు కలహము. మందపోరునాడు వచ్చి చాపకూడు పంక్తిని చూచినవానికి ఇది బ్రహ్మనాయుని కులసమత్వ చరిత్ర. రెండును కథలోనివే, ఏ ఒక్కటియు కథ కాదు. పునరావృత్తి కథను బ్రదికించును గాని, దాని సందర్భమును వెంట తెచ్చునని నమ్మరాదు.

ఓరుగంటిలో ఈ వీరగాథను పాడుట క్రీడాభిరామమున వర్ణితమైనది. శ్రీనాథునిదిగా ప్రసిద్ధమైన ద్విపదకావ్యమును అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో ప్రకటించిరి. మౌఖిక గాథను జీన్ రోగైర్ ఆంగ్లానువాదముతో 1982లో గ్రంథముగా వెలువరించెను. అచ్చుపుస్తకముపై సంవత్సరముండును, దానినిబట్టి పాఠముల ముందువెనుకలు నిర్ణయింపవచ్చును. పాటకు అట్టి గుర్తు లేదు. ఈ యేటి గానము నిరుటిదానివలెనే వినబడును. నడుమ చేరినదేదో, జారినదేదో శ్రోతకు తెలియదు.

కావున పరిశోధక విద్యార్థులు ప్రతి గానమును ప్రత్యేక పాఠముగా గ్రహించి, సంవత్సరమును, ఉత్సవదినమును, గాయకుని, శ్రోతలను నమోదు చేయుట అవసరము. యంత్రము మరల పంపు పాత వ్యాసమునకును ఇదే న్యాయము: తొలుత వ్రాసిన తేది, నాటి సందర్భము దానితో కూడ నడువవలెను. అవి లేనిచో పాతమాట నేటిమాటగా చెల్లి, చరిత్రకారుని మోసగించును.