ప్రతిశుద్ధి చరిత్ర: తాళపత్రము మొదలు లినక్సు డిస్కు వరకు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఏదైన చరిత్ర విషయము వ్రాయుడని కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను ఏ రాజుల కథయో, ఏ కోటల కథయో వ్రాయుదునని వారు తలచియుందురు. నేను వ్రాయబూనినది ఒక కంప్యూటరు డిస్కు కథ. ఆ డిస్కు మన బీరువాలో నేటికిని కలదు. దానిని తెచ్చిన నాటి అలజడి చూచినవారు మనలో అనేకులున్నారు. ఆ అలజడికి కారణమేమో, దాని వెనుక ఎంత పాత చరిత్ర కలదో ఎరిగినవారు కొద్దిమందియే.

2007లో ఒక దాత మనకు వాడిన కంప్యూటరు నొకదానిని ఇచ్చిరి. మన పాఠకులలోని ఇరువురు బాలికలు రెండేండ్లపాటు సాయంకాలములందు కూర్చుండి పుస్తకముల పట్టికను అందులోనికెక్కించిరి. రమారమి నాలుగువేల గ్రంథముల పేర్లు, కర్తల పేర్లు, దాతల పేర్లు అందు చేరినవి. పాత రిజిస్టరులో చాల పుటలు ఆ తరువాత చెదలపాలైనవి గనుక వానికి ఆ పట్టికయే దిక్కు. ఈ సంగతి పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

2009 నాటికి ఆ యంత్రము వైరసుల బాధచే నడువలేని స్థితికి వచ్చెను. అందుచే లినక్సు నెలకొల్పుటకు కార్యవర్గము తీర్మానించెను. లినక్సును 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ ఆరంభించెను. దానికి వెల లేదు. నకలు తీసి పంచుకొనుటకు అడ్డును లేదు. హైదరాబాదులో స్వేచ్ఛ అను సంస్థవారును, మరికొందరు స్వచ్ఛంద కార్యకర్తలును దానిని తెలుగులో చూపుటకు పాటుపడుచున్నారని వినియుంటిమి. మన ఊరి యువకుడొకడు లక్డీకాపూల్ సందులలో గది అద్దెకు తీసికొని చదువుకొనుచుండెను. నేను రైలెక్కి, 1907లో కట్టిన నాంపల్లి స్టేషనులో దిగి, ఆబిడ్స్ కాలిబాటలపై ఆదివారమునాడు పరచు పాత పుస్తకములను ఒకమారు చూచి (ఆ వ్యసనమును పాఠకులు క్షమింతురుగాక), మధ్యాహ్నమునకు అతని గదికి చేరితిని. లక్డీ యనగా కట్టె, పుల్ అనగా వంతెన. కట్టెవంతెన ఎన్నడో పోయినను పేరు చెక్కుచెదరక నిలిచినది. అతడు ఇంటర్నెట్టునుండి దింపియుంచిన డెబియను అను లినక్సు ప్రతిని, 650 మెగాబైట్ల దానిని, నా కన్నులయెదుటనే ఒక డిస్కుపై ఎక్కించియిచ్చెను. పాత హార్డుడిస్కును ముట్టవలదనియు, వేరొక చిన్న హార్డుడిస్కు తగిలించి ముందు దానిపై ప్రయత్నింపవలెననియు హెచ్చరించెను.

ఊరికి వచ్చి పని మొదలిడితిమి. సగము దూరము సాగిన పిదప తెరపై ఒక వాక్యము కనబడి అంతయు నిలిచిపోయెను. మూట విప్పుటలో దోషము కలిగినదని దాని భావము. మరల మొదలిడితిమి, మరల నిలిచెను, కాని ఈసారి వేరొక మూట దగ్గర. లినక్సే మంచిది కాదని ఒకరు, డిస్కు గీచుకొనిపోయినదని ఒకరు అనిరి. మా కార్యవర్గములోని పెద్దయొకరు, "చిన్న హార్డుడిస్కే చెడ్డదై యుండును. పాతదానిమీదనే వేయుడు. పట్టికను మూటగట్టి పెన్‌డ్రైవులో దాచితిరిగదా, భయమేమి?" అనిరి. ఆ మాట అందరికిని సబబుగనే తోచెను. ఆ రాత్రి విద్యుత్తు పోయినది గనుక ఆ పని మరునాటికి వాయిదా పడినది.

ఈ మూటయను మాటను కొంచెము విప్పి చెప్పవలెను. లినక్సు డిస్కులో వేలకొలది చిన్న దస్త్రములు విడివిడిగా ఉండవు. గుంపులుగా కట్టబడి, నొక్కబడి యుండును. కట్టుటకు టార్ అను సాధనము కలదు. అది 1979 నాటి యూనిక్సు ఏడవ కూర్పుతో వెలువడినది, అయస్కాంతపు టేపులకై పుట్టినది. నొక్కుటకు జీజిప్ అను సాధనమును జాఁ-లూ గైయీ, మార్క్ ఆడ్లర్ అనువారలు 1992లో వెలువరించిరి. నొక్కుట యనగా నేమి? మన దస్తావేజులలో ఒకమారు "ఫలానా గ్రామ కాపురస్థుడు ఫలానావారి కుమారుడు" అని వ్రాసి, పిదప "సదరు" అని ఊరకుందుము. జీజిప్ చేయునదియు అదియే: ఒకమారు వచ్చిన అక్షరముల వరుస మరల వచ్చినప్పుడు "ఇంత వెనుకకు పోయి ఇన్ని అక్షరములు తెచ్చుకొనుము" అని గుర్తు పెట్టును. దానిచే జాగా మిగులును గాని ఒక అపాయము కలదు. మొదటి పేరు చెడినచో సదరులన్నియు చెడును. మామూలు వచనములో ఒక అక్షరము చెడిన ఆ అక్షరమే చెడును. నొక్కిన మూటలో ఒకటి చెడిన దాని తరువాతిది ఎంత చెడునో చెప్పలేము.

మూట చెడినదని మూటకెట్లు తెలియును? ఈ ప్రశ్న కంప్యూటరుకంటె చాల పాతది.

వేదమును వ్రాతలేక నోట నిలిపినవారు దీనిని మొదటనే ఎదుర్కొనిరి. జటాపాఠమున మొదటి పదమును రెండవదానిని చెప్పి, వెంటనే రెండవ మొదటి పదములను తలక్రిందుగా చెప్పి, మరల మొదటి రెండవ పదములను చెప్పుదురు. ఘనపాఠము ఇంకను చిక్కైనది. ఒక్క పదము జారినను ఆ అల్లిక ఎక్కడనో తప్పును, వినువారికి తెలియును. తాళపత్రముల లేఖకులకు మరొక లెక్క యుండెను. ముప్పదిరెండు అక్షరములకు ఒక "గ్రంథము" అని కొలిచి, ప్రతిలో మొత్తము ఎన్ని గ్రంథములున్నవో లెక్కించుటయు, దానినిబట్టి వ్రాతకూలి నిర్ణయించుటయు కలదు. ఈ లెక్కచే ఆకులు జారిపోయినది తెలియును. కాని ఒక అక్షరమునకు మారుగా వేరొక అక్షరము పడినచో తెలియదు. లెక్క సరిగనే యుండును, ప్రతి తప్పుగ నుండును.

పద్యమునకు మాత్రము పుట్టుకతోనే ఒక కాపు కలదు. ప్రాస నియమముగల పద్యమున రెండవ అక్షరము ప్రతి పాదమునను ఒక్కటిగ నుండవలెను, యతిస్థానమున మైత్రి కుదురవలెను, గణములు సరిపోవలెను. లేఖకుడు పొరబడిన తావున తరచుగ ఇందేదో ఒకటి కుంటుపడి చదువరిని నిలుపును. 1820లో కడపకు వచ్చిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను తెలుగు కావ్యముల వ్రాతప్రతులను పలుతావులనుండి తెప్పించి, పండితులచే ఒకదానితో నొకటి సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. వేమన పద్యములను 1829లో ఆంగ్లానువాదముతో ప్రకటించెను. పలు ప్రతులను సరిచూచుట మంచి పద్ధతియే. అయినను ఒక్క తప్పుప్రతినుండి పది ప్రతులు పుట్టినచో పదియును ఏకకంఠమున తప్పే పలుకును.

వచనమునకు యతిప్రాసలు లేవు. కంప్యూటరు దస్త్రము వచనమువంటిదే. దానికి వెలుపలినుండి ఒక ప్రాసను తగిలింపవలసి వచ్చినది. అమెరికాలో బెల్ ప్రయోగశాలలో పనిచేసిన రిచర్డ్ హామింగు, వారాంతములందు యంత్రమునకిచ్చిన లెక్కలు దోషము తగిలిన వెంటనే విడిచిపెట్టబడుట చూచి విసిగి, దోషమును కనుగొనుటయే గాక దిద్దుకొనగల సంకేతములను కల్పించి 1950లో ప్రకటించెను. 1961లో పీటర్సన్, బ్రౌన్ అనువారలు వేరొక మార్గమును విపులీకరించిరి (ఇచ్చటను ఒక బ్రౌను కనబడుట కాకతాళీయము). దస్త్రమునంతను ఒక మహాసంఖ్యగా భావించి, ఒక విలక్షణమైన భాగహారముచే నిర్ణీత భాజకముతో భాగించి, శేషమును మాత్రము చివర వ్రాసియుంచుట ఆ మార్గము. దానినే సి.ఆర్.సి. అందురు. జీజిప్ మూట చివర ఎనిమిది బైట్లలో ఈ శేషమును, అసలు దస్త్రపు పొడవును ఉండును. అనగా ప్రాసయును గ్రంథసంఖ్యయును రెండును కలవు. చెడిన దస్త్రము కాకతాళీయముగా అదే శేషము నిచ్చుట సుమారు 429 కోట్లలో ఒకసారి మాత్రమే జరుగును. టార్ సాధనమో, తన పేరుచీటీలను మాత్రమే కూడి చూచుకొనును. లోని సరకు జోలికి పోదు. ఈ భేదము తెలియక మోసపోయినవారు కలరు.

ఇది మూట లోపలి సాక్ష్యము. డిస్కు మొత్తమునకు సాక్ష్యము వేరు. రొనాల్డ్ రివెస్టు 1991లో రచించిన ఎం.డి.5 అను పద్ధతిచే ఎంత పెద్ద దస్త్రమునకైనను ముప్పదిరెండు గుర్తుల సంగ్రహము వచ్చును. డెబియనువారు తమ ప్రతులతోబాటు ఆ పట్టికను ప్రకటించుచుండిరి. 2004లో చైనా గణితవేత్త్రి వాంగ్ షియావోయున్, ఆమె సహచరులును ఒకే సంగ్రహముగల రెండు వేరు దస్త్రములను కల్పింపవచ్చునని చూపిరి. నాటినుండి అది ప్రమాదమునకే గాని వంచనకు కాపు కాదని తేలినది. ఇప్పుడు 2002లో అమెరికా ప్రమాణముగా వెలువడిన షా-256 వంటి వానిని వాడుచున్నారు.

ఇక మన కథకు వత్తము. మరునాడు ఉదయము పాత హార్డుడిస్కును తుడుచుటకు ముందు నేను లక్డీకాపూల్ యువకునికి ఫోను చేసితిని. అతడు మొదట అడిగినది, "ఏమని తప్పు చూపినది?" అని. అర్ధాంతరముగ ముగిసినదని చూపిన దింపుకొనుట పూర్తికాలేదని అనుమానింపవలెనట. మొదటినుండియు గుర్తుపట్టరానిదని చూపిన, అది అసలు జీజిప్ మూటయే కాకపోవచ్చునట. చదువలేకపోయితినన్న డిస్కు గీతలో, చదువు పరికరమో కారణమట. మనకు వచ్చినది శేషము కుదురలేదను దోషము. అదియు ప్రతిమారు వేరొక చోట. అతడు చెప్పినట్లు డిస్కు మొత్తమునకు ఎం.డి.5 లెక్క తీసితిమి. డెబియనువారి పట్టికతో కుదురలేదు. మరల తీసితిమి, మొదటి లెక్కతోనే కుదురలేదు.

"సారూ, డిస్కు ఒక్కటే గదా, లెక్క రెండు తీర్లెట్ల వస్తది? లెక్కపెట్టేదే చెడిపోయింది. దేన్నీ తుడవకుండ్రి" అని అతడు ఆదివారమునాడు వచ్చెను. అతని స్వంత కంప్యూటరులో ఆ డిస్కు లెక్క అక్షరాల కుదిరెను. మన యంత్రపు జ్ఞాపకశక్తిని, అనగా ర్యామును, మెమ్‌టెస్ట్ అను సాధనముచే రాత్రియంతయు పరీక్షించితిమి. తెల్లవారుసరికి తెరనిండ ఎర్రని పంక్తులు. ఉన్న రెండు పలకలలో ఒకదానిని తీసివేయగా లినక్సు గంటలోపల నిలుకడగ నెలకొనెను.

అందరును సంతసించుచుండగా అతడు పెన్‌డ్రైవును అడిగి తీసికొని, పట్టిక మూటను తన కంప్యూటరులో పరీక్షించెను. శేషము కుదురలేదు. చెడిన ర్యాముగల యంత్రమే ఆ మూటను గట్టినది. పాత హార్డుడిస్కును తుడిచియున్నచో ఆ బాలికల రెండేండ్ల శ్రమ ఆనాటితో పోయియుండెడిది. కార్యవర్గపు పెద్ద చాలసేపు మాటాడలేదు.

అసలు పట్టిక పాత హార్డుడిస్కునందు ఉండెను. దానిని క్రొత్తగా మూటగట్టి, రెండు యంత్రములందు విప్పి సరిచూచితిమి. పిమ్మట పట్టికనే పాత రిజిస్టరులో మిగిలిన పుటలతోను, అరలలోని పుస్తకములతోను మూడు దినములు సరిపోల్చితిమి. ఒకరు చదువ, ఒకరు వినిరి. పదునొకండు పంక్తులు చెడియుండెను. ఏడింటిని రిజిస్టరునుబట్టి దిద్దితిమి. తక్కిన నాలుగింటి పుటలు చెదలు తినినవే. అందు మూడు పుస్తకములు అరలలో దొరికినవి.

2318వ సంఖ్యకు ఎదుట నేటికిని ఖాళీయే కలదు. లోపలి అట్టపై మన గ్రంథాలయపు ముద్రయు ఆ సంఖ్యయుగల పుస్తకము ఎవరియింటనైన ఉన్నయెడల, ఎంత శిథిలమైనను సరే, తెచ్చి చూపవలెనని ప్రార్థన. పేరు వ్రాసికొని మరల వారికే ఇచ్చెదము.