సుగ్గి తీరిన తరువాత

తుంగభద్ర ఆనకట్ట నుండి 1953లో నీరు వదిలాక కోస్తా జిల్లాల రైతులు గంగావతి, సింధనూరు ప్రాంతాలకు తరలివెళ్లి 'క్యాంపు'లు కట్టుకున్నారు. కర్ణాటకలోని తెలుగువారి చరిత్ర అనగానే మనం తలచేది వీరినే. భూమి కొన్నారు గనుక పత్రాలున్నాయి. కోతలకు, నూర్పిళ్లకు వచ్చి, గింజలు కూలిగా కొలిపించుకుని వెళ్లినవారికి అవీ లేవు.

ఒక మాట మాత్రం మిగిలింది. కన్నడంలో 'సుగ్గి' పంట చేతికొచ్చే కాలం, సంబరం కూడా. ఆదోని, కోసిగి పల్లెల తెలుగులో 'సుగ్గికి పోవడం' అంటే ఇంటికి తాళంవేసి పిల్లాపాపలతో కూలికి వలసపోవడమే! సుగ్గి తీరితే రైతుకు గాదె నిండుతుంది, కూలివారు మూటలు కట్టుకుంటారు. ఉగాదికి ఊరు చేరాలన్నది చాలామంది లెక్క.

వరికోత యంత్రాలు వచ్చాక కళ్లాల్లో పని తరిగింది. ఆ పల్లెలవారు మాత్రం మిరప కోతకు గుంటూరు వైపు, పత్తి తీతకు తెలంగాణ వైపు ఇప్పటికీ పోతూనే ఉన్నారు. వారి జాడకు మేము మొదట చూడదలచినవి ఆ ఊళ్ల బడి హాజరు పట్టీలు. సుగ్గి నెలల్లో పిల్లల పేర్ల ఎదుట గైర్హాజరు గుర్తులు వరుసకడతాయి.