అమ్మ భాషా, అమ్మ ఒడీ

స్విట్జర్లాండ్ అనగానే మనకేం గుర్తొస్తాయి? మంచుకొండలూ, చేతిగడియారాలూ, నోట్లో వేసుకుంటే కరిగిపోయే చాక్లెట్లూ! నాకు మాత్రం ఆ దేశపు కార్ల వెనక కనిపించే 'సీ హెచ్' అనే రెండక్షరాలు గుర్తొస్తాయి. 'హెల్వెటియా సమాఖ్య' అని ఆ దేశానికున్న లాటిన్ పేరుకి పొడి అక్షరాలవి. జర్మన్, ఫ్రెంచ్, ఇటాలియన్, రొమాన్ష్ - నాలుగు జాతీయభాషలున్న ఇంట్లో ఏ ఒక్కరి మాట పైకెత్తినా మిగతావాళ్ళు మూతి ముడుచుకుంటారు కదా! అందుకని ఎవరిదీ కాని లాటిన్‌ని పట్టుకున్నారన్నమాట.

ఆ నలుగురిలో కడగొట్టుది రొమాన్ష్. తూర్పున గ్రాబ్యున్డెన్ కొండలోయల్లో ఉంటుంది. క్రీస్తుపూర్వం 15లో ఆ కొండల్ని జయించిన రోమన్లు వెంట తెచ్చిన లాటినే దీనికి తల్లి. మాట్లాడేవాళ్ళు దేశంలో నూటికి ఒక్కరైనా లేరు. అయినా లోయకో తీరు, రాతలోనే అయిదు రకాలు! 1982లో అన్నిటికీ కలిపి ఓ ఉమ్మడి రూపం తయారుచేస్తే, మా ఇళ్ళల్లో ఎవరూ ఇలా మాట్లాడరంటూ చాలామంది అలిగారు.

ముస్సోలినీ రోజుల్లో ఇటలీ జాతీయవాదులు, అదో భాషేమిటి, మా యాసేగా అన్నారు. భాష మాదంటే రేపు నేలా మాదే అంటారని స్విస్ వాళ్ళకి తెలీదూ? 1938 ఫిబ్రవరి 20న ఓటు పెట్టారు. నూటికి తొంభైమందికి పైగా, ఆ భాషలో ఒక్క ముక్క రానివాళ్ళతో సహా, జాతీయభాషే అన్నారు! ముచ్చటేస్తుంది. కాకపోతే ఓటేసినవాళ్ళంతా మగవాళ్ళే. ఆ భాషని ఉగ్గుపాలతో పోసిన తల్లులకి దేశస్థాయిలో ఓటు వచ్చింది 1971లో!

ఇక్కడితో ఆపేస్తే కథ బాగానే ఉంటుంది. కానీ ఆ ఇంట్లో ఇంకొకళ్ళున్నారు - యెనిష్‌లు. బుట్టలల్లుతూ, కత్తులకి సానపెడుతూ ఊరూరా తిరిగినవాళ్ళు. వాళ్ళకీ సొంత మాట ఉంది. కానీ వాళ్ళ తిరుగుడు పెద్దల కంటికి జబ్బులా కనిపించింది. 1926 నుంచి 1973 దాకా, పిల్లల సంక్షేమం చూసే ఓ సంస్థ సర్కారు అండతో సుమారు 600 మంది పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి లాక్కుపోయింది. అనాథాశ్రమాల్లో, పరాయి ఇళ్ళల్లో, పిచ్చాసుపత్రుల్లో కూడా పడేసింది. తల్లిని మరిస్తే ఆ తిరుగుడూ మరుస్తారని ఆశ!

అలా పోయిన పిల్లల్లో 1947లో పుట్టిన మరియెల్లా మేర్ ఒకరు. పెరిగి పెద్దదై కొడుకుని కంటే, వాణ్ణీ లాక్కున్నారు. 1981లో ఆవిడ తన బతుకునే నవలగా రాసింది. పేరు 'రాతియుగం'. నేనూ నవలలు రాసేదాన్నే. ఆ పేరు తట్టడానికి ముందు గుండె ఎంత బండబారి ఉండాలో ఊహించగలను.

1986లో దేశాధ్యక్షుడు క్షమాపణ చెప్పారు. అది మానవాళిపై జరిగిన నేరమేనని ప్రభుత్వం ఒప్పుకునేసరికి 2025 వచ్చింది. మరియెల్లా 2022లోనే కన్నుమూశారు.

ఓటేసి అమ్మ భాషని కాపాడిన దేశమే, అదే ఏడు, అమ్మ ఒళ్ళోంచి పిల్లల్ని లాగింది! చిన్నవాళ్ళని ఆదరించడమంటే మన ఇంట్లో కుదురుగా కూర్చున్నవాళ్ళకి పీట వెయ్యడమేనా? దారిన పోయేవాళ్ళని వాళ్ళ దారిన పోనివ్వడం కూడా కదూ!