బాతువేటకాని తెడ్డు

పడవ నడుపు సాధనములలో తెడ్డు మిక్కిలి పురాతనమైనది. దాని చరిత్రమును వ్రాసినవారు మాత్రము మిక్కిలి యరుదు. నౌకాయుద్ధములను, తెరచాపల వైభవమును వర్ణించు గ్రంథములకు కొదవ లేదు గాని, ఒక్కడు పండుకొనుటకు మాత్రమే చాలు పడవలో ఏ తెడ్డు వేయవలెనని తలపోసిన పల్లెవాండ్ర బుద్ధిబలమును చరిత్రకారు లంతగా పాటింపలేదు. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికా తూర్పుతీరమునందును, ఇంగ్లండునందును బాతులను వేటాడినవా రీ ప్రశ్నకు చెప్పుకొన్న సమాధానములు విచారింపదగినవి.

పడవయంచులకు రెండు తెడ్లు నానించి లాగువానికి వీపుబలము, కాళ్లబలముకూడ తోడ్పడును. ఎదురుగాలిలో నైనను చాలదూరము పోగలడు. కాని వాడు పోవు దిక్కునకు వీపు త్రిప్పి కూర్చుండవలెను. తెడ్డు నేదానికి నానింపక చేతులతో పట్టి వేయువానికి ముందుచూపు కలదు, బలము తక్కువ. ఇద్దరికిని చేతు లాడుచునే యుండును. తడిసిన తెడ్డు పైకి లేచినప్పుడెల్ల ఎండకు తళుక్కుమనును. బాతునకు కన్నులు తలకు రెండుప్రక్కల నుండుటచేత తల త్రిప్పకయే యించుమించు చుట్టును చూడగలదు. అట్టి పక్షికి కనబడకుండ సమీపించుట యెట్లు?

న్యూజెర్సీలోని బార్నెగాట్ ఉప్పుకయ్యలవా రసలు సమీపింపకుండుటయే మేలని తలంచిరి. వెస్ట్‌క్రీక్ గ్రామవాసి హేజల్టన్ సీమన్ 1836లో నిర్మించినట్లు చెప్పబడు పడవ సుమారు 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గలది. గరిటెవలె గుండ్రనై, నీటిపై కొలదిగా మాత్రమే లేచియుండును. వేటకాడు తెడ్లు లాగియో, చిన్న చాప యెత్తియో వేటపట్టునకు చేరి, తెడ్డు నానించు కొయ్యలను క్రిందికి మడిచి, పైని గడ్డి కప్పి, దీమములుగా కొయ్యబాతులను నీటిపై విడిచి లోపల పండుకొనును. ఇక బాతులే రావలెను. దూరప్రయాణమునకు లాగు తెడ్డే తగునని వారెంచిన దెంత సత్యమో నేథనియల్ బిషప్ చూపినాడు. అత డిట్టి పడవలోనే 1875 చివర పిట్స్‌బర్గు నుండి బయలుదేరి, ఓహాయో, మిసిసిపీ నదులమీదుగా మెక్సికో సింధుశాఖ తీరమువెంబడిని మొత్తము 2600 మైళ్లు పోయి, 1879లో గ్రంథము ప్రకటించెను.

మెయిన్ రాష్ట్రమున మెర్రీమీటింగ్ ఉపసాగరమువారి యుపాయము వేరు. పడవ వెనుకపలకకు రంధ్రము చేసి, దానిగుండ నొక్క పొడవైన తెడ్డును నీటిలోనికి దింపుదురు. వేటకాడు పండుకొని, ఒంటిచేత దాని నటునిటు త్రిప్పును. చేప తోక యాడించినట్లు నీటిలోపలనే యాడు నా తెడ్డు పైకి లేవదు, చప్పుడు చేయదు. గడ్డిమేటు కొట్టుకొని వచ్చుచున్నదని బాతులు భ్రమించును. దీనిని నేర్చుట కష్టము, వేగమును స్వల్పము. నా మట్టుకు నాకు ఈ మూగతెడ్డే యన్నిటికంటె తెలివైన కల్పనగా తోచుచున్నది. మనలో తాటిదోనెపై కొల్లేటిలో తిరుగువాడు గడ పట్టుట లోతు తక్కువయగుటచేతనే గదా; నీటిగుణమును బట్టి సాధన మేర్పడుట యెల్లదేశములందు నొక్కటే.

ఇంగ్లండువారి పద్ధతి తలచుకొన్న నొడలు జలదరించును. సైనికుడై 1809లో టలవేరా యుద్ధమున గాయపడిన పీటర్ హాకర్, 1814లో యువవేటకాండ్రకొక బోధగ్రంథము వ్రాసెను. ఆ కాలపువారి పడవలో ముందుభాగమున ఫిరంగివంటి తుపాకి యమర్చబడును. వేటకాడు బోర్ల పండుకొని, లోతు లేనిచోట పొట్టిగడతోను, లోతుగలచోట రెండుచేతుల రెండు చిన్న తెడ్లను పడవప్రక్కల జారవిడిచియు మెల్లగా త్రోయును. గుంపు సమీపింపగానే యొక్క ప్రేలుడుతో పదులకొలది పక్షులు కూలును. తెడ్డు నిశ్శబ్దమైనకొలది హత్య పెద్దదాయెను. ఆ నేర్పును మెచ్చవచ్చును. దాని నంగడి సరకునకై వినియోగించుటను మెచ్చజాలము.

అమెరికాలో నిట్టి యంగడివేట ప్రబలియున్న 1875వ సంవత్సరముననే, లాబ్రడారు బాతులలో నిశ్చయముగా తెలిసిన కడపటిది లాంగ్ ఐలండు సమీపమున చంపబడెను. ఆ జాతి నాశమునకు వేటయే యేకైక కారణమని పండితు లొప్పుకొనలేదు. కాని జను లులికిపడుట కాలక్రమమున తప్పలేదు. 1916లో బ్రిటనుతో నొడంబడిక, 1918లో వలసపక్షుల శాసనము వచ్చెను. పది నంబరును మించిన తుపాకి నిషిద్ధమాయెను. మరయంత్రముగల పడవనుండి గాని, చాప యెత్తిన పడవనుండి గాని కాల్పరాదనియు, యంత్ర మాపి, చాప చుట్టి, పడవ గమనము పూర్తిగా నిలిచినపిదపనే కాల్పవలెననియు నిబంధన యేర్పడెను. చచ్చిన, గాయపడిన పక్షులను తెచ్చుటకు మాత్రము యంత్రమును వాడవచ్చును. చేతితో వేయు తెడ్డునకు, గడకు ఈ యాటంకము లేదు. కావున బార్నెగాట్ పడవకు చాప యుండినను వేటవేళ దింపకతప్పదు. మెర్రీమీటింగువాడు మాత్రము తాత వేసిన తెడ్డునే నేటికిని వేయుచు బాతును సమీపింపవచ్చును.