స్టీఫెన్ కాన్‌స్టాంటైన్: ఇండియాకు రెండుసార్లు, పాకిస్తాన్‌కు ఒకసారి కోచ్ అయిన ఇంగ్లండ్ మనిషి

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అనగానే మనవాళ్ళకు మాంచెస్టర్ యునైటెడ్, లివర్‌పూల్, ఆర్సెనల్ గుర్తొస్తాయి. ఆ పెద్ద క్లబ్బుల్లో ఎక్కడా ఆడకుండా, వాటికి మేనేజర్‌గా కూడా పనిచేయకుండా, ఆసియా, ఆఫ్రికాల్లో ఆరు దేశాల జాతీయ జట్లకు హెడ్ కోచ్‌గా ఉన్న ఇంగ్లండ్ మనిషి ఒకరున్నారు. ఆయనే స్టీఫెన్ కాన్‌స్టాంటైన్. నేపాల్, ఇండియా, మలావి, సూడాన్, రువాండా, పాకిస్తాన్ జట్లను ఆయన నడిపించారు. ఇండియాకైతే రెండుసార్లు. ఇండియా, పాకిస్తాన్ రెండింటికీ కోచ్‌గా ఉన్నవాళ్ళు చాలా అరుదు.

ఆటగాడిగా

కాన్‌స్టాంటైన్ 1962 అక్టోబర్ 16న లండన్‌లో పుట్టారు. ఆటగాడిగా ఆయనకు పెద్ద పేరేమీ రాలేదు. అమెరికా వెళ్ళి పెన్సిల్వేనియా స్టోనర్స్, న్యూయార్క్ పాన్‌సిప్రియన్ ఫ్రీడమ్స్ లాంటి జట్లకు ఆడారు. గాయం కారణంగా ఇరవైల్లో ఉండగానే ఆట ఆపాల్సి వచ్చింది. మామూలుగా ఆ వయసులో ఆటగాడి కెరీర్ మంచి ఊపులో ఉంటుంది. ఆయనకు మాత్రం అక్కడే అయిపోయింది. ఇక కోచింగ్ వైపు వచ్చి లైసెన్సులు ఒక్కొక్కటిగా సంపాదించారు, సైప్రస్‌లో పని నేర్చుకున్నారు.

స్టార్ ఆటగాడికి ఆట మానేశాక కోచ్ ఉద్యోగం పేరు మీదే దొరుకుతుంది. పేరు లేనివాడు ఎవరూ వెళ్ళని చోటుకు వెళ్ళాలి. కాన్‌స్టాంటైన్ చేసింది అదే.

నేపాల్ నుంచి ఇండియాకు

1999లో నేపాల్ జాతీయ జట్టు బాధ్యత తీసుకున్నారు. అదే ఏడాది కాఠ్మండులో జరిగిన దక్షిణాసియా క్రీడల్లో నేపాల్ ఫైనల్ దాకా వచ్చింది. ఫైనల్‌లో బంగ్లాదేశ్ చేతిలో 0-1తో ఓడినా వెండి పతకం దక్కింది. తర్వాత కొంతకాలం ఇంగ్లండ్‌లో బోర్న్‌మత్ క్లబ్‌లో కుర్రాళ్ళకు శిక్షణ ఇచ్చారు.

2002లో ఇండియా పిలిచింది. ఆ ఏడాదే వియత్నాంలో జరిగిన ఎల్‌జీ కప్‌ ఫైనల్‌లో ఆతిథ్య వియత్నాంను 3-2తో ఓడించి ఇండియా ట్రోఫీ తెచ్చుకుంది. మన జట్టు విదేశీ గడ్డ మీద కప్పు గెలిచి అప్పటికి కొన్నేళ్ళయింది.

హైదరాబాద్‌కూ ఆయనకూ ముడి 2003లో పడింది. ఆ ఏడాది అక్టోబర్‌లో మన నగరంలో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరిగాయి. ఫుట్‌బాల్ సెమీఫైనల్‌లో ఇండియా 5-3తో జింబాబ్వేను ఓడించింది. ఫైనల్‌లో ఉజ్బెకిస్తాన్ చేతిలో 0-1తో ఓడి వెండి పతకంతో సరిపెట్టుకుంది. రహీమ్ సాబ్ ఊళ్ళో చాన్నాళ్ళకు జాతీయ జట్టు ఒక ఫైనల్ ఆడింది.

2004లో ప్రపంచ కప్ క్వాలిఫయర్స్ మొదలయ్యాక అసలు స్థాయి బయటపడింది. సింగపూర్‌ను 1-0తో గెలిచిన జట్టు జపాన్‌లో జపాన్ చేతిలో 0-7తో ఓడింది, కోల్‌కతాలో మళ్ళీ 0-4తో ఓడింది. 2005లో ఆయన మొదటి దఫా ముగిసింది.

మిల్వాల్, ఆఫ్రికా

ఇండియా నుంచి వెళ్ళాక లండన్‌లోని మిల్వాల్ క్లబ్‌లో ఫస్ట్ టీమ్ కోచ్‌గా చేశారు. ఇంగ్లండ్ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌కు ఆయన బాగా దగ్గరగా వెళ్ళింది అప్పుడే, అదీ కొద్దికాలమే. తర్వాత మలావి, సూడాన్ జట్లను చూశారు. మధ్యలో సైప్రస్ క్లబ్బులకూ పనిచేశారు.

2014లో రువాండా కోచ్‌గా ఉన్నప్పుడు ఒక చేదు అనుభవం ఎదురైంది. ఆఫ్రికా కప్ క్వాలిఫయింగ్‌లో కాంగోను పెనాల్టీల్లో ఓడించి ఆయన జట్టు ముందుకు వెళ్ళింది. కానీ అర్హత లేని ఆటగాడిని ఆడించారని ఆఫ్రికా ఫుట్‌బాల్ సమాఖ్య రువాండాను పోటీ నుంచే తీసేసింది. మైదానంలో గెలిచింది కాగితాల్లో పోయింది. అయినా అదే ఏడాది చివరికి రువాండా ఫిఫా ర్యాంకింగ్‌లో 68వ స్థానానికి చేరింది.

ఇండియాలో రెండో దఫా

2015 జనవరిలో ఇండియా ఆయన్ని మళ్ళీ పిలిచింది. ఆ మార్చిలో మన ర్యాంకు 173. ఆరంభం ఏమీ బాగోలేదు. జనాభాలో మన ఒక చిన్న పట్టణమంత ఉండే గువామ్ దీవి చేతిలో 1-2తో ఓడాం. 2018 ప్రపంచ కప్ క్వాలిఫయింగ్ గ్రూపులో 8 మ్యాచ్‌లు ఆడి 7 ఓడిపోయాం. ఆయన్ని పంపేయాలని గొంతులు లేచాయి.

ఆయన మాత్రం కుర్రాళ్ళ మీద నమ్మకం పెట్టారు. సందేశ్ ఝింగన్, అనిరుధ్ థాపా లాంటివాళ్ళు జాతీయ జట్టుకు మొదటిసారి ఆడింది ఈ కాలంలోనే. ఫిట్‌నెస్ విషయంలో ఎవరికీ మినహాయింపు ఇవ్వలేదు. ఫలితం నెమ్మదిగా వచ్చింది:

- 2016 జనవరి: తిరువనంతపురంలో అఫ్గానిస్తాన్‌ను 2-1తో ఓడించి శాఫ్ కప్ గెలుపు.
- 2017 మార్చి: మయన్మార్‌లో చివరి నిమిషంలో సునీల్ ఛెత్రీ గోల్‌తో 1-0 విజయం.
- 2017 జులై: ఫిఫా ర్యాంకు 96. ఇరవై ఏళ్ళకు పైగా అంత మంచి ర్యాంకు లేదు.
- 2017 అక్టోబర్: బెంగళూరులో మకావ్‌ను 4-1తో ఓడించి ఆసియా కప్‌కు అర్హత.
- 2018 మార్చి: కిర్గిజ్‌స్తాన్ చేతిలో ఓటమి. అంతకుముందు వరుసగా 13 మ్యాచ్‌ల్లో ఓటమే లేదు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ర్యాంకు పెరగడానికి తేలికైన జట్లతో ఆడడమూ ఒక కారణమని విమర్శ ఉంది. బంతిని నిలబెట్టుకుని ఆడడం కన్నా లాంగ్ బాల్, డిఫెన్స్ మీదే ఆధారపడ్డారని కూడా అన్నారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు.

2019 ఆసియా కప్: పది రోజుల్లోపే అంతా

2019 జనవరి 6న అబూధాబీలో ఇండియా 4-1తో థాయ్‌లాండ్‌ను ఓడించింది. ఆసియా కప్‌లో మనకు 1964 తర్వాత అదే మొదటి గెలుపు. 1964లో రన్నరప్‌గా నిలిచిన మన జట్టుకూ ఇంగ్లండ్‌కు చెందిన మాజీ గోల్‌కీపర్ హ్యారీ రైటే కోచ్ కావడం విశేషం. ఓటమి దెబ్బకు థాయ్‌లాండ్ తన కోచ్‌ను మర్నాడే తీసేసింది.

తర్వాత యూఏఈ చేతిలో 0-2తో ఓడాం. జనవరి 14న షార్జాలో బహ్రెయిన్‌తో చివరి మ్యాచ్ డ్రా చేసుకున్నా నాకౌట్‌కు వెళ్ళేవాళ్ళం. 90 నిమిషాలు నిలబడ్డారు. ఆ తర్వాతి ఇంజురీ టైమ్‌లో పెనాల్టీ ఇచ్చుకున్నాం, 0-1. గ్రూపులో ఆఖరి స్థానం. ఆ రాత్రే కాన్‌స్టాంటైన్ రాజీనామా ప్రకటించారు.

ఈస్ట్ బెంగాల్, పాకిస్తాన్

2022-23లో ఐఎస్ఎల్‌లో ఈస్ట్ బెంగాల్‌కు కోచ్‌గా వచ్చారు. జట్టు 9వ స్థానంతో ముగించింది.

2023లో పాకిస్తాన్ పిలిచింది. ఫెడరేషన్ గొడవల వల్ల ఫిఫా సస్పెన్షన్ పడి, 2022లో అది తొలగిన దేశం. ప్రపంచ కప్ క్వాలిఫయర్స్‌లో అప్పటిదాకా ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. కంబోడియాలో 0-0 డ్రా చేసుకుని, అక్టోబర్ 17న ఇస్లామాబాద్ జిన్నా స్టేడియంలో హారూన్ హమీద్ గోల్‌తో 1-0గా గెలిచారు. అదే చరిత్రలో మొదటి విజయం. తర్వాతి రౌండ్‌లో మాత్రం సౌదీ అరేబియా, జోర్డాన్, తజికిస్తాన్‌లతో ఆడిన ఆరు మ్యాచ్‌లూ ఓడిపోయారు.

ఈ కెరీర్ ఏం చెబుతుంది

నేపాల్, రువాండా, ఇండియా, పాకిస్తాన్ అన్నిచోట్లా కనిపించేది ఒకటే. కోచ్ వచ్చి క్రమశిక్షణ తెస్తే జట్టు కొన్ని మెట్లు ఎక్కుతుంది. కానీ కింద బడుల్లో, జిల్లాల్లో, లీగుల్లో ఆట లేకపోతే ఆ మెట్ల మీద నిలబడలేదు. ఇండియానే చూడండి. 2023లో కొంతకాలం మళ్ళీ తొలి వందలోకి వచ్చినా నిలవలేదు. తర్వాతి ఆసియా కప్‌లో మూడు మ్యాచ్‌లూ ఓడాం, ఒక్క గోల్ కూడా కొట్టలేదు.

1951, 1962 ఆసియా క్రీడల్లో ఇండియాకు బంగారు పతకాలు తెచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ మన హైదరాబాద్‌లో బడి మాస్టారు. ఆయన వెనక అప్పటి హైదరాబాద్ బడులు, పోలీస్ జట్టు, గల్లీ మైదానాలు ఉన్నాయి. కాన్‌స్టాంటైన్ వెళ్ళిన చోట్ల అలాంటి పునాది ఎక్కువగా దొరకలేదు.

ఇళ్ళల్లో పిల్లలకు చెప్పాల్సిన మాట ఇంకొకటుంది. గాయం వల్లనో, ఛాన్స్ రాకనో ఆట ఆగిపోయినంత మాత్రాన ఫుట్‌బాల్‌తో బంధం తెగిపోనక్కరలేదు. ఏఐఎఫ్‌ఎఫ్ దగ్గర కింది స్థాయి కోచింగ్ లైసెన్సులతో మొదలుపెట్టి సి, బి, ఎ, ప్రో దాకా మెట్టుమెట్టుగా వెళ్ళొచ్చు. కాన్‌స్టాంటైన్ కూడా అలా లైసెన్సులతోనే పైకి వచ్చారు. ఆటగాడిగా దొరకని పేరు ఆయనకు కోచ్‌గా దొరికింది.