మాట పడేది ఆడపిల్లే, పరీక్ష చేయించుకోవాల్సింది ఇద్దరూ



పెళ్లయి నాలుగేళ్లయినా కడుపు పండకపోతే మన గూడేల్లోనూ, బయటి ఊళ్లల్లోనూ మాట పడేది ఆడపిల్లే. "గొడ్రాలు" అనేస్తారు, మొగుడికి రెండో పెళ్లి మాట కూడా తీస్తారు. మగాడికి పరీక్ష చేయించారా అని అడిగేవాళ్లు తక్కువ. అందుకే ఈసారి మనం ఒక చరిత్ర తెలుసుకుందాం.

1677లో హాలండ్‌కు చెందిన లీవెన్‌హుక్ సూక్ష్మదర్శిని కింద వీర్యాన్ని చూసి, అందులో కదిలే కణాలున్నాయని రాశాడు. అంటే వీర్యం వేరు, అందులోని శుక్రకణాలు వేరు. వీర్యం మామూలుగానే వస్తున్నా శుక్రకణం ఒక్కటి కూడా లేకపోవచ్చు. దీన్ని అజూస్పెర్మియా అంటారు. మనిషి బలంగానే ఉంటాడు, సంసారంలో లోటుండదు. తేడా మైక్రోస్కోపు కిందే తెలుస్తుంది.

ఇది లోకానికి గట్టిగా తెలిసొచ్చింది 1977లో. అమెరికాలోని కాలిఫోర్నియాలో లాత్రోప్ అనే ఊళ్లో పురుగుమందుల ఫ్యాక్టరీ ఉండేది. తమలో చాలామందికి పిల్లలు పుట్టడం లేదని అక్కడి కార్మికులు మాటల్లో గమనించారు. సిగ్గుపడి ఊరుకోలేదు, యూనియన్ అండతో పరీక్షలు చేయించుకున్నారు. కొందరిలో శుక్రకణాలు అసలే లేవు, కొందరిలో బాగా తక్కువ. ఎక్కువ ఏళ్లు పనిచేసినవాళ్లకే ఎక్కువ దెబ్బ.

కారణం డీబీసీపీ. నేలలో ఉండి వేళ్లను పాడుచేసే నులిపురుగులను చంపే మందు అది. వృషణాల్లో శుక్రకణాలను తయారుచేసే కణాలనే అది నాశనం చేసింది. ఈ మందుతో ఎలుకల వృషణాలు కుంచించుకుపోతున్నాయని 1961లోనే శాస్త్ర పత్రికలో అచ్చయింది. పదహారేళ్లయినా ఆ సంగతి ఫ్యాక్టరీలో చెమటోడ్చేవాళ్ల దాకా రాలేదు. 1979లో అమెరికా దాదాపు అన్ని పంటలకూ దాన్ని నిషేధించింది. అప్పటికే కోస్టారికా అరటితోటల్లో వేలమంది కూలీలు తండ్రయ్యే శక్తి కోల్పోయారు. మందుకు దూరమయ్యాక కొందరు కోలుకున్నారు. శుక్రకణాలు పూర్తిగా పోయినవాళ్లలో చాలామంది కోలుకోలేదు.

అలాగని ప్రతి కేసుకూ పురుగుమందే కారణం అనుకోకండి. శుక్రకణాలు తయారవుతున్నా, వచ్చే దారి మూసుకుపోయి ఉండొచ్చు. తయారీయే జరగకపోవచ్చు కూడా. వయసొచ్చాక గవదబిళ్లలతో వృషణాలు వాయడం, చిన్నప్పుడు వృషణాలు కిందికి దిగకపోవడం, పుట్టుకతో వచ్చే జన్యు తేడాలు ఇందుకు కొన్ని కారణాలు. ఏది కారణమో తెలిస్తేనే వైద్యం. కొందరికి ఆపరేషన్‌తో దారి తెరవొచ్చు. ఒక్క శుక్రకణాన్ని సూదితో అండంలోకి పంపి బిడ్డ పుట్టేలా చేసే పద్ధతిని 1992లో బ్రస్సెల్స్ వైద్యులు ప్రకటించారు. తర్వాత వృషణంలోంచి నేరుగా తీసిన కణాలతోనూ అది సాధ్యమైంది. అయితే అందరికీ కణాలు దొరకవు, ఖర్చూ ఎక్కువే.

మొదటి మెట్టు వీర్య పరీక్ష. రెండు నుంచి ఏడు రోజులు సంయమనంగా ఉండి నమూనా ఇవ్వాలి. కణాలు లేవని వస్తే మళ్లీ ఒకసారి చేయించి తేల్చుకోవాలి.

తమ్ముళ్లూ, మీ అన్నకో బావకో పిల్లల్లేరని వదినమ్మను, అక్కను అంటుంటే మీరే అడగండి: అన్నకి పరీక్ష అయిందా? ఆ కార్మికులు నోరు విప్పారు కాబట్టే అసలు కారణం బయటపడింది.