పొయ్యి ఎందుకు అరిచేది? మా చింతామణి సీమ వంటింటి చరిత్ర

ఇంతవరకూ ఇక్కడ మా ఇంటిపేర్ల గురించి, కడప వైపు నుంచి మా పెద్దలు ఎట్లా వచ్చారన్న దాని గురించి రాశాము. ఈసారి మా కట్టెల పొయ్యి గురించి రాస్తున్నాము. పొయ్యికి చరిత్ర ఏముంటుందని కొందరు చుట్టాలు అడిగారు. ఉంది. మా ఇంట్లో పొయ్యి కొత్తగా ఏదైనా శబ్దం చేసిందంటే, ఆ శబ్దానికి కారణం చాలాసార్లు ఇంటి బయట ఉండేది. చెట్లు మారితే పొయ్యి గొంతు మారింది, నీళ్ళు మారితే మారింది, సర్కారు పథకం వచ్చినా మారింది. ఆ మార్పు మొదట వినిపించింది పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్ళకు. వాళ్ళు విన్నది ఎవరూ కాగితం మీద పెట్టలేదు.

మేము చదివింది కన్నడ బడిలో, చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఒక వస్తువు తేడాగా నడిస్తే, ఎప్పుడు మొదలైంది, దానికి ముందు ఏం మారింది అని అడగడమే మా పని. మా అవ్వ అక్షరం రాకుండానే పొయ్యి ముందు కూర్చుని అదే అడిగేది.

పొయ్యి భాష

పాత మట్టిపొయ్యి చెరువు మట్టి, పుట్టమన్ను, ఊక, పేడ కలిపి తొక్కి చేసింది. ముందు ఒక మంట, పక్కన వేడి మాత్రం తగిలే ఇంకో కన్ను. ముందు సంగటి, పక్కన చారు. పొగకు వేరే దారి లేదు, పెంకుల సందుల్లో పోవాల్సిందే.

ఈ పొయ్యి శబ్దాలకు మా ఇంట్లో వేరువేరు మాటలుండేవి. ఎండుపుల్ల చిటపటమంటుంది. పచ్చికట్టె సుయ్యిమంటుంది, దాని కొనలో నురగ కనిపిస్తుంది. మంట బాగా అందుకుంటే భగభగ. సంగటి ఎసరు కుతకుత. కట్టె పగులులోంచి సన్నటి మంట బుస్సున చిమ్మితే 'పొయ్యి నవ్వుతాంది, ఎవురో వస్తారు' అనేది అవ్వ. పక్కింటి కన్నడమామి కూడా 'ఒలె నగ్తా ఇదె, నెంట్రు బర్తారె' అనే అనేది. కైవారం తాతయ్య తెలుగులోనూ కన్నడలోనూ పాడిన సీమ మాది. పొయ్యి కూడా రెండు భాషల్లోనూ నవ్విందంటే వింతేముంది?

ఈ నవ్వుకు కారణం తేలికైనదే. కట్టె వేడెక్కితే లోపలి తేమ ఆవిరవుతుంది, కట్టెలోంచి మండే వాయువులు కూడా పుడతాయి. అవి సన్నటి పగులులోంచి ఒత్తిడితో బయటికొస్తే బుస్సుమంటాయి. దారి దొరకక లోపలే ఇరుక్కుంటే చెక్కను చీల్చుకుని టప్పుమంటాయి. వెదురు కణుపు ఢామ్మని పేలడమూ, దిష్టి తీసి వేసిన గళ్ళుప్పు చిటచిటలాడడమూ ఇట్లాంటివే. ఉప్పు పలుకుల్లో చిక్కుకున్న కొంచెం నీరు ఆవిరై ఆ పలుకును పగలగొడుతుంది. ఎంత చప్పుడైతే అంత దిష్టి అని మా వాళ్ళ లెక్క. లెక్క ఏదైనా, చప్పుడును వినడం, దానికి అర్థం వెదకడం అనే అలవాటు మాత్రం గట్టిది.

నీలగిరి వచ్చిన కాలం

అవ్వ కొత్తకోడలుగా వచ్చినప్పుడు పొయ్యిలోకి వెళ్ళింది తుమ్మ, కానుగ, చింత, తోటలో పడిన మల్బరీ పుల్లలు. వాటి గుణాలు అందరికీ తెలుసు. చింతమొద్దు నిదానంగా, నిప్పు నిలిపి కాలుతుంది. మల్బరీ పుల్ల చిటపటమని గబగబా అయిపోతుంది.

1980ల్లో సామాజిక అరణ్యాల పేరుతో కోలారు, బెంగళూరు జిల్లాల మెట్టభూముల్లో నీలగిరి తోపులు లేచాయి. రాగి పండిన చేలల్లో కూడా నీలగిరి నాటారు. కూలీల ఖర్చు తక్కువ, కొనేవాళ్ళు ఉన్నారు. అందరూ ఒప్పుకోలేదు. 1983లో తుమకూరు జిల్లాలో రైతుసంఘం వాళ్ళు నర్సరీలోకి వెళ్ళి నీలగిరి మొక్కలు పీకేశారు. చాలా ఏండ్ల తర్వాత, 2017లో, కర్ణాటక సర్కారే కొత్తగా నీలగిరి నాటొద్దని ఆజ్ఞ చేసింది.

మా పొయ్యికి ఈ రాజకీయం ఆకుల రూపంలో వచ్చింది. తోపు కింద రాలిన నీలగిరి ఆకు ఊరికే దొరికేది. ఆ ఆకులో నూనె ఉంటుంది, కాబట్టి భుగ్గున అంటుకుని చరచరా కాలేది. మొద్దులేమో బయటికి ఎండినట్టు కనిపించినా లోపల పచ్చిగా ఉండి సుయ్యిమనేవి. పాత చింతమొద్దు నిప్పు మీద రాత్రంతా పాలు మరిగేవి. ఆకుమంటకు ఆ ఓపిక లేదు, ఒక మనిషి ఎప్పుడూ ముందు కూర్చుని ఎగదోస్తూ ఉండాలి. పొయ్యిలో చప్పుడు పెరిగిందంటే, ఆడవాళ్ళు దాని ముందు కూర్చునే పొద్దూ పెరిగిందని అర్థం.

పొగగొట్టం కథ: హైదరాబాదు నుంచి ఉంగ్రా దాకా

పొగ లేని పొయ్యి కావాలన్న ఆలోచన దేశంలో పాతదే. 1947లోనే వార్ధా మగన్‌వాడిలో మగన్ చూల్హా అనే పొయ్యి తయారైంది. తర్వాత హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజు గొట్టమున్న మట్టిపొయ్యిని రూపొందించి, 1953లో 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అనే చిన్న పుస్తకం వేశారు. ఇంజనీర్లు ఆనకట్టలు, రోడ్ల గురించే మాట్లాడుతున్న కాలంలో, ఒక పరిశోధనశాల వంటింటి పొగను తన పనిగా ఎత్తుకోవడం మామూలు సంగతి కాదు.

మా కర్ణాటకలో ఈ పనికి పేరు తెచ్చింది బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ. 1974లో అమూల్య కుమార్ ఎన్. రెడ్డి గారు అక్కడ 'అస్త్ర' అనే విభాగం మొదలుపెట్టారు. పల్లెలకు పనికొచ్చే విజ్ఞానం దాని లక్ష్యం. తుమకూరు జిల్లా ఉంగ్రా గ్రామంలో వాళ్ళ కేంద్రం ఉండేది. ఊర్లో మంది ఏ పనికి ఎంత కట్టె, ఎంత కష్టం ఖర్చు చేస్తున్నారో కొలిచారు. అట్లా వచ్చిందే అస్త్ర ఒలె. మూడు గిన్నెలు వరుసగా కూర్చుంటాయి, కట్టెల కింద గాలి రావడానికి కంతల ఇనుపపలక ఉంటుంది, చివర పొగగొట్టం. గిన్నెలు కంతల్లో సరిగ్గా దిగి కూర్చోవాలి, లేకుంటే సందుల్లోంచి వేడి పోతుంది. మామూలు పొయ్యిలో కట్టె వేడిలో పదో వంతు గిన్నెకు చేరితే గొప్ప అనుకునే రోజుల్లో, ఇది పరీక్షల్లో 40 శాతం దరిదాపులకు వెళ్ళింది.

1980ల మధ్యలో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ పథకం నడిపింది. 2002లో ఆ పథకం ఆగేనాటికి లెక్కల్లో 3 కోట్లకు పైగా పొయ్యిలు కట్టినట్టు ఉంది. వాటిలో మా ఇంటిది ఒకటి.

గొట్టంలో బుసబుస

మొదటి ఏడాది మా అస్త్ర ఒలె గుయ్యిమని సన్నగా మోగేది. అది మంచి గుర్తు. గొట్టంలో వేడిగాలి తేలికై పైకి పోతుంటే, కింద కంతల్లోంచి చల్లగాలి లాక్కుంటుంది. ఆ లాగుడు చప్పుడే అది. వంటిల్లు తెల్లగా ఉండేది, అవ్వకు దగ్గు తగ్గింది. ఇది మరిచిపోకూడదు. పాత పొయ్యి మీద ఎంత ప్రేమున్నా, ఆ పొగ మా ఇంటి ఆడవాళ్ళ కండ్లనూ ఊపిరితిత్తులనూ తిన్నది నిజం.

రెండో ఏడాది వానల్లో మోత పోయి, భుక్... భుక్... అని ఎవరో లోపల దగ్గుతున్నట్టు శబ్దం మొదలైంది. ప్రతి భుక్కుకూ పొయ్యి నోట్లోంచి పొగ బయటికి తన్నేది. ఇంట్లో ఒకరు గాలి చేరిందన్నారు, ఒకరు వాస్తు అన్నారు. అవ్వ మూడు రోజులు విని, ఒక్కొక్కటే మార్చి చూసింది. ఎండుకట్టె పెడితే తగ్గింది, పోలేదు. కట్టెలు తక్కువ పెడితే ఇంకా తగ్గింది. గొట్టం దగ్గర గోడ తట్టి చూస్తే కింద బోలుగానూ పైన నిండుగానూ పలికింది. 'గొంతు పట్టుకునిండాది' అని తేల్చింది.

నిజం అదే. పచ్చికట్టె పొగలో తేమ, తారు ఎక్కువ. గొట్టం పైభాగం చల్లగా ఉంటుంది కాబట్టి అవి అక్కడే అంటుకుని మసిగా పేరుకుంటాయి. దారి సన్నబడితే గాలి లాగుడు తగ్గుతుంది. గాలి చాలక మండని వాయువులు పొయ్యిలో నిండుతాయి, కొంచెం గాలి దొరకగానే భుక్కున అంటుకుంటాయి, ఉన్న గాలి అయిపోగానే మళ్ళీ అణుగుతాయి. అదే దగ్గు. ఆ మసిని అట్లే వదిలేస్తే ఒకరోజు గొట్టంలోనే అంటుకుని రైలు పోతున్నట్టు గర్జించవచ్చు. అది ఇల్లు కాలే దారి.

మా మామ పొడుగు వెదురుకు గోనెపట్ట కట్టి గొట్టం దూసినాడు. మోత తిరిగి వచ్చింది. కానీ ఊర్లో అందరిండ్లలో ఇట్లా జరగలేదు. గొట్టం దూయాలని కొందరికి తెలీదు. పెద్ద మొద్దులు పట్టడం లేదని కొందరు పొయ్యి నోరు పగలగొట్టి వెడల్పు చేశారు, దాంతో కొలతలు పోయి లాగుడు పోయింది. కట్టిన మేస్త్రి అప్పటికే వేరే తాలూకాకు వెళ్ళిపోయినాడు. పదేండ్లలో మా వీధిలో చాలా అస్త్ర ఒలెలు సామాన్లు పెట్టుకునే గట్లయినాయి. పథకం కట్టిన పొయ్యిలను లెక్కపెట్టింది, దగ్గుతున్న పొయ్యిలను లెక్కపెట్టలేదు. టెస్టింగ్ భాషలో చెప్పాలంటే, వస్తువును ఇచ్చారు, వాడేవాళ్ళ ఫిర్యాదు వినే దారి పెట్టలేదు.

హండెలో ఎవరో కొడుతున్నారు

వంటింటి పొయ్యి కంటే మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది బచ్చలింట్లోని రాగి హండె. తెల్లవారుజామున దాని కింద మంట పెడితే మొదట సన్నగా పాడేది. అడుగున పుట్టిన ఆవిరి బుడగలు పైనున్న చల్లటి నీళ్ళలోకి లేచి అక్కడే చితికిపోతాయి, ఆ చితకడమే పాట. నీళ్ళన్నీ సమంగా వేడెక్కితే బుడగలు చితకకుండా పైకి వస్తాయి, పాట ఆగి సలసల మొదలవుతుంది. 'పాట నిలిస్తే నీళ్ళు కాగినట్టే' అనేది అవ్వ. గడియారం అక్కరలేదు.

1990ల్లో పాటకు బదులు ధబ్, ధబ్ అని లోపల ఎవరో గుద్దుతున్నట్టు మొదలైంది. పిల్లలు చీకట్లో స్నానానికి పోవడమే మానేశారు. అంతకు ముందు ఏం మారింది? బావి ఎండిపోయింది, బోరునీళ్ళు వచ్చాయి. కోలారు జిల్లా చరిత్ర అంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. చెరువుల మీద, దిగుడుబావుల మీద బతికిన సీమ, బోర్లను వెయ్యి అడుగులు దాటి దింపే సీమ అయింది. లోతు నీళ్ళలో సున్నం లాంటి లవణాలు ఎక్కువ. కాచిన కొద్దీ అవి హండె అడుగున తెల్లటి పెచ్చుగా పేరుకుంటాయి. ఆ పెచ్చుకూ రాగికీ మధ్య నీరు చిక్కి, ఒక్కసారిగా ఆవిరై తన్నుకొస్తుంది. అదే గుద్దు. పెచ్చు ఉంటే వేడి దాటదు, కట్టెలూ ఎక్కువ పడతాయి. చింతపండు పులుసు పోసి రాత్రంతా నానబెట్టి, పొద్దున గీరి తీసేవాళ్ళు. నెల రోజులు పాట వినిపించేది, మళ్ళీ గుద్దులు.

ఊర్లో నీటిమట్టం పడిపోయిందని పేపర్లో రాకముందే మా హండె చెప్పింది.

నిశ్శబ్దం

ఇప్పుడు ఊర్లో అందరిండ్లలో గ్యాసు ఉంది. 2016లో ఉజ్వల పథకం వచ్చాక మిగిలిన ఇండ్లకు కూడా సిలిండర్ చేరింది. అయినా పండగలకు పెద్ద వంట కట్టెల మీదే, చలికాలం స్నానాలకు హండె కిందే మంట. సిలిండర్ అయిపోయినప్పుడు పాత పొయ్యే దిక్కు. కాబట్టి ఈ చరిత్ర పాతబడిన సంగతి కాదు.

ఊర్లో ఇల్లున్న మన చుట్టాలకు అవ్వ పాఠం క్లుప్తంగా ఇది. సుయ్యిమని కొనలో నురగ వస్తే కట్టె పచ్చిది, అటక మీద ఆరబెట్టండి. భుక్కుభుక్కుమని పొగ తన్నితే కట్టెలు తగ్గించి, పొయ్యి చల్లారాక గొట్టం దూయండి. గొట్టం గర్జిస్తే గాలి నోరు మూసి, అందరినీ బయటికి పంపండి. మంట ఆరాక టిక్ టిక్‌మంటే భయం లేదు, ఇనుము చల్లారి ముడుచుకుంటున్నది. కొత్త మట్టిపొయ్యి పట్‌మంటే లోపల తడి ఉంది, నాలుగు రోజులు చిన్నమంటతో కాల్చండి. హండె గుద్దితే పెచ్చు గీరండి.

అన్నిటికంటే ముఖ్యం, చప్పుడు లేని పొయ్యిని నమ్మొద్దు. మంట లేకుండా నిప్పులు మాత్రమే మసిలే పొయ్యి పాడదు, దగ్గదు. కానీ దానిలోంచి వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. తలుపు మూసిన బచ్చలింట్లో అది మనిషిని చంపగలదు. చలి ఎంతున్నా కిటికీ తెరిచే ఉంచండి.

చిటపట, సుయ్యి, గుయ్యి, భుక్కు, కుతకుత, సలసల. మా పిల్లలకు ఈ మాటల్లో రెండో మూడో మాత్రమే తెలుసు. పొయ్యి పోతే మాట కూడా పోతుంది, మాటతో పాటు వినే చెవి పోతుంది. మీ ఇండ్లలో పొయ్యి ముందు కూర్చున్న పెద్దవాళ్ళు ఇంకా ఉంటే, హోసూరులోనైనా బరంపురంలోనైనా, అడగండి: మీ పొయ్యి ఏమని అరిచేది, అప్పుడు ఊర్లో ఏం మారింది? వాళ్ళు చెప్పింది తేదీ వేసి రాసిపెట్టుకోండి.